పడవ నుంచి గాలిపటం ఎగరేసి ఏరియల్ వీడియో తీయడం ఎలా

నేల మీద నిలబడి గాలిపటానికి కెమెరా కట్టేవారికి గాలి ఎంత వీస్తే అంతే. తక్కువైతే పటం లేవదు, ఎక్కువైతే దించుకోవడమే పెద్ద పనవుతుంది. పడవ మీద ఉన్నవారి పరిస్థితి వేరు. పడవను గాలికి ఎదురుగా నడిపితే పటానికి తగిలే గాలి పెరుగుతుంది, గాలివాలున నడిపితే తగ్గుతుంది, చుక్కాని కాస్త తిప్పితే పైన వేలాడుతున్న కెమెరా కూడా పక్కకు జరుగుతుంది. అందుచేత ఈ పనిలో అసలు ఛాయాగ్రాహకుడు పడవ నడిపే సరంగే. దారం పట్టుకున్నవారూ కెమెరా అమర్చినవారూ ఆయనకు సహాయకులు. సామగ్రి ఎంపిక దగ్గర నుంచి పటం దించడం వరకు ప్రతి నిర్ణయమూ ఈ సంగతిని బట్టే తీసుకోవాలి.

ఇది కొత్త విద్యేమీ కాదు. ఫ్రాన్స్‌లో ఆర్థర్ బాట్యూ 1888లోనే గాలిపటానికి కెమెరా కట్టి ఊరి ఫొటోలు తీశాడు. 1906లో భూకంపం, మంటలు శాన్‌ఫ్రాన్సిస్కో నగరాన్ని నేలమట్టం చేసిన కొద్ది వారాలకు జార్జ్ లారెన్స్ 17 గాలిపటాలను వరుసగా కట్టి, సుమారు 22 కిలోల కెమెరాను అక్కడి అఖాతం మీద దాదాపు 600 మీటర్ల ఎత్తుకు లేపి నగరం మొత్తాన్ని ఒకే చిత్రంలో పట్టాడు. 2010లో మెక్సికో సింధుశాఖలో చమురు బావి పగిలి తెట్టు తీరానికి చేరినప్పుడు స్వచ్ఛంద కార్యకర్తలు గాలిపటాలతోనూ బెలూన్లతోనూ ఆ తీరాన్ని చిత్రీకరించి మ్యాపులు తయారు చేశారు. ఇప్పుడు వంద గ్రాములకు కాస్త అటూఇటుగా తూగే కెమెరా స్థిరమైన వీడియో ఇస్తున్నప్పుడు లారెన్స్ పడ్డ శ్రమలో పదో వంతు కూడా మనకు అక్కరలేదు.

డ్రోన్ ఉండగా గాలిపటం దేనికని ఎవరైనా అడగవచ్చు. కదిలే పడవ మీద డ్రోన్‌ను దించడం కష్టం. అది తిరిగి రావలసిన చోటుగా గుర్తుపెట్టుకున్నది బయలుదేరిన స్థలాన్ని. ఈలోగా పడవ అక్కడి నుంచి వెళ్లిపోయి ఉంటుంది. ఇనుప డెక్కు దాని దిక్సూచిని తికమక పెడుతుంది. బ్యాటరీ అరగంటో ముప్పావుగంటో మాత్రమే వస్తుంది. గాలిపటం గంటల తరబడి చప్పుడు లేకుండా నిలబడుతుంది కాబట్టి పక్షులనూ సముద్ర జీవులనూ చిత్రించేవారికి మరీ అనుకూలం. అయితే కెమెరాను కోరిన చోటికి కచ్చితంగా పంపాలనుకునేవారికి మాత్రం ఇది సరిపడదు. పటం ఎప్పుడూ గాలివాలునే ఉంటుంది, ఆ హద్దుకు లోబడే షాట్లు ఊహించుకోవాలి.

గాలి లెక్క

పటానికి తెలిసేది తనకు తగిలే గాలి ఒక్కటే. గంటకు 8 కి.మీ. గాలి వీస్తున్నప్పుడు పడవను 10 కి.మీ. వేగంతో ఎదురు నడిపితే పటానికి 18 కి.మీ. గాలి తగులుతుంది, ఒడ్డున లేవని పటం పడవ మీద హాయిగా లేస్తుంది. 25 కి.మీ. గాలిలో అదే పడవను గాలివాలున 8 కి.మీ. వేగంతో పోనిస్తే తగిలేది 17 కి.మీ. మాత్రమే. గాలి ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి వేగం రెట్టింపైతే లాగుడు నాలుగు రెట్లవుతుంది. ఇరవైలో మూడు కిలోలు లాగిన పటం నలభైలో పన్నెండు కిలోలు లాగుతుంది. అందుకే పడవ వేగం పెంచే ముందు సరంగు దారం పట్టుకున్న మనిషితో ఒక్క మాట చెప్పడం తప్పనిసరి. యాక్సిలరేటర్ మీద చిన్న ఒత్తిడి కూడా అవతలి మనిషి చేతుల్లో పెద్ద కుదుపై తేలుతుంది.

నీటి మీద గాలికి చెట్లూ భవనాలూ అడ్డం రావు కనుక అది నేల మీది గాలికన్నా నిలకడగా ఉంటుంది. గాలి బలం తెలుసుకోవడానికి నీటినే చూడవచ్చు. అక్కడక్కడ అలల కొనలు తెల్లగా విరుగుతుంటే గంటకు 12 నుంచి 19 కి.మీ. వరకు ఉన్నట్టు, అది ఈ పనికి మంచి గాలి. తెల్లని కొనలు తరచుగా కనబడుతుంటే 20 నుంచి 28 వరకు ఉందన్నమాట. అప్పుడు చిన్న పటం వేయాలి, లేదా గాలివాలున సాగుతూనే ఎగరేయాలి. అంతకు మించితే చిన్న పడవల మీద ఈ పని మానుకోవడమే నయం. ఉరుములు వినబడినా, దూరాన నల్లమబ్బు కమ్ముకొస్తున్నా వెంటనే దించేయాలి. తడిసిన దారం గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది.

పటం, దారం

ఏ పటమైనా లేస్తుంది గానీ నీటిలో పడ్డాక ఏమవుతుందన్నదే ఇక్కడ ఎంపికను నిర్ణయిస్తుంది. పుల్లలు లేకుండా గాలితో ఉబ్బే పారాఫాయిల్ రకాలు సంచిలో మడిచి పెట్టుకోవడానికి వీలుగా ఉంటాయి, బలమైన గాలిలో బాగా లాగుతాయి కూడా. కాని గాలి ఒక్క క్షణం సన్నగిల్లితే ముడుచుకుని పడిపోతాయి, నీళ్లు నింపుకుని బస్తాలా బరువెక్కుతాయి. కార్బన్ లేదా ఫైబర్‌గ్లాస్ పుల్లలున్న త్రికోణాకారపు డెల్టా పటాలూ, జపాన్‌కు చెందిన ఆరు మూలల రొక్కాకు పటాలూ గాలి తగ్గినా మెల్లగా తేలుతూ దిగుతాయి. నీటిపై పడినా పరుచుకుని ఉంటాయి కనుక చేతికి అందుతాయి. రెండు చదరపు మీటర్ల రొక్కాకు ఒకటీ, అందులో సగం వైశాల్యమున్నది మరొకటీ ఉంటే చాలా రోజులకు సరిపోతాయి. రొక్కాకుకు కట్టే సూత్రంలో పై ముడిని కొద్దిగా జరిపితే పటం వాలు మారుతుంది. గాలి ఎక్కువగా ఉన్నప్పుడు పటం మరింత పడుకుని ఎగిరేలా సర్దుకుంటే లాగుడు తగ్గుతుంది. పొడవాటి తోక కడితే పటం అటూఇటూ ఊగకుండా నిలుస్తుంది.

పటం ఎంత లాగుతోందో ఊహించుకోవడం కన్నా కొలవడం మేలు. సామాన్లు తూచే కొక్కెం స్ప్రింగ్ త్రాసును దారం మధ్య తగిలిస్తే ముల్లు చెబుతుంది. కెమెరా, దాన్ని వేలాడదీసే అమరిక కలిపి ఎంత బరువో, లాగుడు దానికి కనీసం నాలుగు రెట్లు నిలకడగా కనిపిస్తే తప్ప కెమెరా తగిలించకూడదు. ముల్లు ఒకటిన్నరకూ అయిదుకూ మధ్య ఎగిరెగిరి పడుతుంటే సగటు ఎంత బాగున్నా ఆ గాలిని నమ్మకూడదు.

దారం విషయంలో పొదుపు పనికిరాదు. అల్లిన పాలిస్టర్ దారం, కనీసం 90 కిలోల బలం తట్టుకునేది వాడాలి. డైనీమా అనే సింథటిక్ దారం అదే బలానికి సన్నగా ఉంటుంది, గాలిని తక్కువగా అడ్డుకుంటుంది, నీటిపై తేలుతుంది, పాలిస్టర్ మునుగుతుంది. తేలే దారం ప్రొపెల్లర్‌కు కాస్త దూరంగా, కంటికి కనబడుతూ ఉంటుందన్నది నిజమే. కాని సన్నని డైనీమా చేతిని కత్తిలా కోస్తుంది, జారుడు స్వభావం వల్ల మామూలు ముళ్లు నిలవవు, రాపిడి వేడికి త్వరగా కరుగుతుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి నా సలహా పాలిస్టరే. ఏ దారంలోనైనా ముడి పడ్డ చోట బలం బాగా తగ్గుతుంది కాబట్టి మధ్యలో అతుకులు ఉండకూడదు. చేపల గాలానికి వాడే నైలాన్ తీగ సాగుతుంది, పనికిరాదు. మాంజా మాట తలపెట్టనే కూడదు. తోలు చేతి తొడుగులు లేకుండా ఎవరూ దారం ముట్టుకోరాదు.

దారం చుట్టుకోవడానికి గట్టి చరఖా గానీ, పడవకు బిగించే వించ్ గానీ కావాలి. దాన్ని పడవ వెనుక భాగంలో, మధ్యగా, సాధ్యమైనంత కిందుగా బిగించాలి. ఎత్తున కట్టిన దారం లాగుడుకు చిన్న పడవ పక్కకు ఒరుగుతుంది. పైగా పడవ ఊగినప్పుడు ఎత్తైన చోటే ఎక్కువగా ఊగుతుంది, ఆ ఊపంతా పటానికి చేరుతుంది. దారాన్ని నడుముకో మణికట్టుకో కట్టుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఒక్క లాగుతో విడిపోయే కొక్కెం, చేతికందే చోట కత్తి, ఒంటిపై లైఫ్ జాకెట్ లేకుండా పని మొదలుపెట్టకూడదు.

కెమెరా వేలాడదీయడం

కెమెరాను పటానికే కట్టకూడదు. పటం వణుకు, తిప్పుడు అన్నీ చిత్రంలోకి వస్తాయి. పటం నుంచి 20 మీటర్లు, వీలైతే 30 మీటర్లు కిందికి దారానికి వేలాడదీయాలి. దానికి అందరూ వాడేది ఫ్రాన్స్‌కు చెందిన పియర్ పికావే 1912లో వివరించిన ఏర్పాటే. అడ్డంగా నిలువుగా కలిసిన చిన్న శిలువ లాంటి చట్రానికి నాలుగు కొనల్లో నాలుగు చిన్న కప్పీలో నునుపైన రింగులో ఉంటాయి. పటం దారం మీద మీటరు ఎడంతో రెండు కొక్కేలు తగిలిస్తారు. ఒకే సన్నని తాడు తెగకుండా రెండు కొక్కేలకూ నాలుగు కొనలకూ మధ్య తిరుగుతూ, ప్రతి కొన నుంచీ రెండు కొక్కేలకూ చేరుతుంది. పైన దారం ఏ వాలులో ఉన్నా, ఆ తాడు కప్పీల గుండా జారి సర్దుకుంటూ చట్రాన్ని సమతలంగా ఉంచుతుంది. తాడు మెలిపడకుండా మధ్యలో దాటే పోగులను ఒక చిన్న రింగులో నుంచి పోనిస్తారు. మొదటిసారి దీన్ని ఇంట్లోనే, రెండు మేకుల మధ్య దారం కట్టి అమర్చి చూసుకోవాలి. ఊగుతున్న డెక్కు మీద ఎనిమిది పోగుల చిక్కు విడదీయడం ఎవరి తరమూ కాదు.

కొక్కేలను పటం దారానికి ముడి వేయకుండా తగిలించాలి. వంచిన గట్టి తీగ కొక్కెం చుట్టూ దారాన్ని అయిదారు చుట్లు తిప్పితే రాపిడి వల్లే నిలుస్తుంది. దించేటప్పుడు చుట్లు విప్పితే చాలు, దారానికి నష్టం ఉండదు. బిగువైన దారం గాలికి సన్నగా జుమ్మంటూ మోగుతుంది. ఆ కంపనం కెమెరాకు చేరితే నిలువు గీతలు జెల్లీలా వంకర్లు పోతాయి. కెమెరాకూ చట్రానికీ మధ్య మెత్తని రబ్బరు ముక్క గానీ స్పాంజి గానీ పెడితే అది చాలావరకు ఆగుతుంది. చట్రానికి వెనుకవైపు పలుచని ప్లాస్టిక్ రెక్క ఒకటి బిగిస్తే అది గాలిమర తోకలా పనిచేసి కెమెరాను ఒకే దిక్కుకు చూపిస్తూ ఉంచుతుంది. రిమోట్‌తో తిప్పే మోటార్లూ దొరుకుతాయి. కాని పడవే తిరుగుతున్నప్పుడు వాటి అవసరం అంతగా కనిపించదు. బరువు, ఉప్పు తేమకు చెడిపోయే భాగాలు పెరగడం తప్ప.

కెమెరా ఎంత వంచాలన్నది కాస్త లెక్క వేసుకుంటే తేలుతుంది. దారం నీటితో 50 డిగ్రీల కోణంలో లేచి, కెమెరా దారం వెంట 80 మీటర్ల దూరంలో ఉంటే, అది సుమారు 60 మీటర్ల ఎత్తున, పడవకు 50 మీటర్లు వెనుకగా ఉంటుంది. దారం వంపు వల్ల ఎత్తు కొంత తగ్గుతుంది. అక్కడి నుంచి చూస్తే పడవ దిగంతానికి 50 డిగ్రీలు కిందికి కనిపిస్తుంది. నిలువునా 70 డిగ్రీలు చూసే వెడల్పు లెన్సును 30 డిగ్రీలు కిందికి వంచితే ఫ్రేము పై అంచున సన్నగా దిగంతమూ, కింది భాగంలో పడవా రెండూ పడతాయి. సెట్టింగుల విషయంలో, నెమ్మది షటర్ వాడే సినిమా వాళ్ల అలవాటును ఇక్కడ వదులుకోవాలి. షటర్ వేగం సెకనులో 240వ వంతు గానీ, ఇంకా తక్కువ వ్యవధి గానీ ఉండాలి. నెమ్మది షటర్‌తో తీసిన మసక కదలికను స్థిరీకరణ సాఫ్ట్‌వేరు సరిదిద్దలేదు. సెకనుకు 50 లేదా 60 ఫ్రేములతో తీసి, కూర్పులో సగం వేగానికి తగ్గిస్తే ఊగులాట కూడా సగం నెమ్మదిస్తుంది. నీటి మెరుపుకు వెలుతురు పదే పదే మారకుండా ఎక్స్‌పోజర్‌ను లాక్ చేయాలి. పైన గాలి హోరు తప్ప మరేమీ రికార్డు కాదు కాబట్టి శబ్దం గురించి ఆలోచించనక్కరలేదు.

నీటి లోపలి దిబ్బలో పగడాలో కనబడాలంటే పోలరైజర్ ఫిల్టరు ఉపయోగపడుతుంది. నిట్టనిలువు రేఖకు సుమారు 53 డిగ్రీల వాలులో నీటి వైపు చూసినప్పుడు అది మెరుపును బాగా అణచివేస్తుంది. కాని కెమెరా దిక్కు మారుతుంటే ఆకాశపు రంగు కూడా మారిపోతుంటుంది. అందుచేత దిక్కు స్థిరంగా ఉన్న షాట్లకే దాన్ని వాడాలి. మిట్టమధ్యాహ్నం నిటారుగా కిందికి చూసే షాట్లో సూర్యుడే నీటిలో ప్రతిఫలిస్తాడు. ఉదయమూ సాయంత్రమూ కెమెరాకు వెనుక సూర్యుడు ఉండేలా పడవ దారి ఎంచుకోవాలి.

షాట్ ఆలోచించడం

కెమెరా ఎప్పుడూ పడవకు గాలివాలున ఉంటుందన్నదాన్ని మరిచిపోకుండా షాట్ ఊహించాలి. గాలి సముద్రం నుంచి తీరానికి వీస్తుంటే పడవను తీరానికి కాస్త దూరంగా నిలిపితే చాలు, కెమెరా ఒడ్డు మీదికి వెళ్తుంది. గాలి తీరం నుంచి సముద్రం వైపు వీస్తుంటే కెమెరా సముద్రం వైపే ఉండి, పడవ మీదుగా తీరాన్ని చూస్తుంది. విశాల దృశ్యానికి ఇదే బాగుంటుంది, దారం నేల మీద ఎవరికీ తగలదు కూడా. గాలికి అడ్డంగా నెమ్మదిగా పడవ నడిపితే కెమెరా తీరానికి సమాంతరంగా, పట్టాల మీద పోతున్నంత సాఫీగా జరుగుతుంది. ఈ విధానంలో వచ్చే షాట్లన్నింటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. సరంగు చేయవలసింది ఒక్కటే: మలుపు తిప్పితే అర నిమిషం పాటు మెల్లగా తిప్పాలి.

ఎగరేయడం

కనీసం ముగ్గురుండాలి: సరంగు, దారం చూసేవారు, కెమెరా చూసేవారు. బయలుదేరే ముందే ఆయా దేశపు నియమాలు తెలుసుకోవాలి. ఉదాహరణకు బ్రిటన్‌లో అనుమతి లేకుండా గాలిపటాన్ని 60 మీటర్లకు మించి ఎగరేయకూడదు. విమానాశ్రయాల దగ్గర, వంతెనల కింద, విద్యుత్ తీగలు నీటిని దాటే చోట, తెరచాప పడవలు గుంపుగా తిరిగే చోట ఎక్కడైనా సరే ఈ పని చేయకూడదు.

పడవ ముందు భాగం గాలికి ఎదురుగా ఉండాలి. అప్పుడు పటం వెనుక నుంచి స్వేచ్ఛగా లేస్తుంది. ఇంజిను ఆపి వదిలేస్తే పడవ గాలికి అడ్డంగా తిరుగుతుంది. కనుక నెమ్మదిగా ఎదురు నడుపుతూ ఉండాలి, లేదా లంగరు వేయాలి, లోతు ఎక్కువైతే ముందు నుంచి నీటిలోకి గుడ్డ గొడుగు లాంటి సీ యాంకర్‌ను వదలాలి. క్యాబిన్ వెనుక గాలి సుళ్లు తిరుగుతుంది. ఆ సుళ్లలో పటాన్ని అటూఇటూ ఆడించకుండా, తల మీదికెత్తి వదిలిన వెంటనే 30 మీటర్ల దారం ఆగకుండా పోనిచ్చి శుభ్రమైన గాలిలోకి చేర్చాలి. కెమెరా లేకుండానే పది నిమిషాలు ఎగరనిచ్చి, త్రాసు ముల్లు చూసి, అప్పుడు కెమెరా తగిలించాలి. రికార్డింగు మొదలైందని తెరపై ఎర్రచుక్క చూసి మరీ వదలాలి. కెమెరాకు నీరు చొరని పెట్టె, దానికి తేలే స్పాంజి, చట్రానికి విడిగా ఒక భద్రతా తాడు తప్పక ఉండాలి. కెమెరా డెక్కు దాటి మనిషి ఎత్తు పైకి వెళ్లేదాకా ఒకరు రెండు చేతులతో పట్టుకునే ఉండాలి. రెయిలింగుకు గుద్దుకోవడం ఎక్కువగా ఈ కొద్ది క్షణాల్లోనే జరుగుతుంది.

దించడం, పడిపోయినప్పుడు

లాగుడు ఎక్కువైనప్పుడు బలంతో చుట్టడానికి పెనుగులాడనక్కరలేదు. సరంగు పడవను పటం వైపు, అంటే గాలివాలున తిప్పి మెల్లగా నడిపితే లాగుడు దానంతటదే సడలుతుంది. ఆ వ్యవధిలో దారం చుట్టుకోవాలి. అయితే దారం చుట్టే వేగానికన్నా పడవ వేగం మించితే వదులైన దారం నీటిలోకి, అక్కడి నుంచి ప్రొపెల్లర్‌లోకి వెళ్తుంది. దారం చూసేవారు చెయ్యెత్తితే ఇంజిను న్యూట్రల్‌కు రావాలన్నది ముందే ఒప్పందం చేసుకోవాలి. కెమెరా చేతికందగానే దాన్ని విప్పి లోపల పెట్టి, ఆ తర్వాతే పటం సంగతి చూడాలి.

పటం నీటిలో పడితే పడవను వెంటనే ఆపాలి. పడవ ముందుకు పోతున్నంతసేపూ తడిసిన పటం నీటి కిందికి దూసుకుపోతూ లంగరులా లాగుతుంది, పుల్లలు విరుగుతాయి. ఇంజిను న్యూట్రల్‌లో ఉంచి, దారాన్ని చేత్తో నెమ్మదిగా లాక్కుంటూ, పటాన్ని పడవ ముందు భాగం దగ్గరికి రప్పించాలి. మధ్యలో పట్టి ఎత్తితే నీటి బరువుకు గుడ్డ చినుగుతుంది. ఒక మూల పట్టుకుని నీరు కారిపోనిస్తూ ఎత్తాలి. దారం ప్రొపెల్లర్‌కు చుట్టుకున్నట్టు అనుమానం వస్తే ఇంజిను పూర్తిగా ఆపి, తాళం తీసేశాకే చూడాలి. దారం కోయడం ఆఖరి మార్గం. తెగిన పటం వెనుక వంద మీటర్ల దారం ఈడ్చుకుంటూ పోయి మరో పడవ ప్రొపెల్లర్‌కో పక్షికో చుట్టుకుంటుంది. కోయక తప్పకపోతే అది ఎక్కడ పడిందో గుర్తుపెట్టుకుని వెళ్లి తీసుకురావాలి.

ఒడ్డు చేరాక పటం, దారం, కప్పీలు, కొక్కేలు అన్నీ మంచినీటిలో ముంచి కడగాలి. దారాన్ని చరఖా నుంచి పూర్తిగా విప్పి కడిగి ఆరబెట్టకపోతే లోపలి పొరల్లో ఉప్పు రవ్వలు మిగిలి, తర్వాతి సారి బిగువు పడినప్పుడు పోగులను గరుకు కాగితంలా కోస్తాయి. ఆరిన దారాన్ని తిరిగి చుట్టేటప్పుడు వేళ్ల మధ్య నుంచి పోనిస్తూ, నూగులేచిన చోటుగానీ చదునైన చోటుగానీ తగిలితే ఆ ముక్క కత్తిరించేసి, మిగిలిన పొడవును చరఖా మీద రాసి పెట్టుకోవాలి.